కూలెంట్ సెన్సర్ మార్చమన్నారా? ముందు ఆ కప్లర్ పీకి చూడండి

చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, స్కానర్ పెడితే పి0118 అని వస్తుంది, షెడ్డులో "కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ పోయింది, మార్చేద్దాం" అంటారు (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం ఎంత వేడిగా ఉందో చెప్పేది అదే). మారుస్తారు. నాలుగు రోజులకి లైటు మళ్లీ హాజరు. ఆ కోడ్‌కి అర్థం సెన్సర్ పోయిందని కాదండీ, ఆ సర్క్యూట్లో వోల్టేజి ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉందని, అంతే. సర్క్యూట్ అంటే సెన్సర్, దానికి వైర్లని తగిలించే ప్లగ్గు (కప్లర్), రెండు వైర్లు, అవతల ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ (ఈసీయూ). తప్పు వీటిలో ఎక్కడైనా ఉండొచ్చు, అది తేలకుండా డబ్బులు పెట్టకండి.

ఇది పని చేసే తీరు తేలికే. ఈసీయూ లోపలున్న ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపుతుంది. సెన్సర్ చల్లగా ఉంటే దాని రెసిస్టెన్స్ ఎక్కువ, కాబట్టి వోల్టేజి ఎక్కువ. వేడెక్కేకొద్దీ రెండూ తగ్గుతాయి. వైరు తెగితే వోల్టేజి పైకే ఉండిపోతుంది, ఈసీయూకి అది గడ్డకట్టే చలిలా కనిపిస్తుంది. అందుకే కొన్ని బండ్లు పెట్రోలు ఎక్కువ తాగేస్తాయి, నల్ల పొగ వదులుతాయి. కొన్నింటిలో ఎందుకైనా మంచిదని ఈసీయూ రేడియేటర్ ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పుతుంది.

రాత్రంతా ఆగిన బండి దగ్గర పొద్దున్నే మొదలుపెట్టండి. బండి కంప్యూటర్‌లోని కోడ్లు, రీడింగులు ఫోన్‌కి పంపే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి, మల్టీమీటర్ ఒకటి చాలు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో అడాప్టర్ గుచ్చి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, ఫోన్‌లో లైవ్ డేటా తెరవండి. కూలెంట్ టెంపరేచర్, లోపలికి వెళ్లే గాలి టెంపరేచర్ దాదాపు ఒకేలా ఉండాలి. గాలి 27 డిగ్రీలు చూపిస్తూ కూలెంట్ మైనస్ 40 చూపిస్తోందా? సర్క్యూట్ ఎక్కడో తెగినట్టే.

ఇప్పుడు అసలు పరీక్ష. కప్లర్ పీకి, వైరింగ్ వైపున్న రెండు పిన్నుల్ని చిన్న వైరు ముక్కతో కలపండి. రీడింగ్ ఒక్కసారిగా 130 డిగ్రీలు దాటి పైకి పోయిందంటే వైర్లూ ఈసీయూ బాగున్నాయి, లోపం సెన్సర్‌లోనో పిన్నుల పట్టులోనో ఉంది. మైనస్ 40 దగ్గరే కదలకుండా ఉంటే వైరింగ్ వెతకాలి, కొత్త సెన్సర్ వేసినా ఒరిగేదేం లేదు. కోడ్ పి0117 అయితే, అంటే వోల్టేజి ఉండాల్సినదానికంటే తక్కువుంటే, దీనికి తిరగేసి చూడాలి: కప్లర్ పీకగానే రీడింగ్ మైనస్ 40కి పడితే సెన్సర్ షార్ట్ అయింది, పడకపోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. రెండు పిన్నుల సెన్సర్‌కే ఇలా చేయండి, మూడో నాలుగో పిన్నులుంటే వైరింగ్ డయాగ్రమ్ లేకుండా ఏదీ కలపొద్దు. కొన్ని ఈసీయూలు సెన్సర్ పీకగానే తమ సొంత అంకె ఒకటి చూపిస్తాయి, అలాంటప్పుడు స్క్రీన్‌ని నమ్మకుండా కప్లర్‌లో ఒక పిన్నుకి 5 వోల్టులు వస్తున్నాయా, రెండోది సరిగ్గా ఎర్త్ అవుతోందా మీటరుతో చూడండి.

సెన్సర్ మీదే అనుమానం మిగిలితే దాని రెసిస్టెన్స్ కొలవండి. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర రెండున్నర కిలో ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 300 ఓమ్‌లు ఉంటుంది. మోడల్‌ని బట్టి అంకెలు మారతాయి గానీ, వేడెక్కుతున్నప్పుడు మధ్యలో ఎగరకుండా నెమ్మదిగా దిగుతూ రావాలి. సెన్సర్ ఊడదీయాల్సి వస్తే ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద రేడియేటర్ మూత జోలికి అస్సలు పోకండి, మొహం కాలిపోతుంది.

ఒకసారి వచ్చి ఒకసారి పోయే లోపమైతే దాదాపు వైరే. ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాన్‌కీ బెల్టుకీ చేయి దూరంగా ఉంచి, వైరింగ్‌ని జానెడు జానెడు కదుపుతూ గ్రాఫ్ చూడండి, ఎక్కడ గీత ఎగిరిందో అక్కడే తప్పు. వానాకాలంలో ఎలుకలు బానెట్ కిందకి చేరి ఇన్సులేషన్ కొరికేస్తాయి, టేపు చుట్టిన చోట కూడా విప్పి చూడాల్సిందే. పిన్నుల మీద పచ్చగా చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి, సాండ్‌పేపర్‌తో గీకితే పైపూత పోయి చిలుము ఇంకా త్వరగా పడుతుంది.

పి0128 మాత్రం వేరే సంగతి. ఇంజిన్ ఎంతకీ వేడెక్కడం లేదని సెన్సర్ నిజమే చెబుతుండొచ్చు, రేడియేటర్‌కి కూలెంట్‌ని వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, తెరుచుకుని ఉండిపోయిందేమో చూడండి. కూలెంట్ తక్కువున్నా, లోపల గాలి చిక్కుకున్నా రీడింగ్ తప్పుతుంది.

రిపేరయ్యాక కోడ్ చెరిపేసి, మర్నాడు పొద్దున్నే ఆ రెండు టెంపరేచర్లూ మళ్లీ పోల్చి, తర్వాత ఒక రౌండు తిప్పి కూలెంట్ ఎక్కడా ఎగరకుండా 90 డిగ్రీల చుట్టుపక్కలకి చేరి నిలబడిందో లేదో చూసుకోండి.