ఎడిన్‌బరోకి చదువుకోడానికి వస్తున్నారా? ముందు పొద్దు చూసుకోండి

మాస్టర్స్‌కి వచ్చిన కొత్తలో "అసైన్‌మెంట్లు అయ్యాక తిరగొచ్చులే" అనుకున్నాను. తీరా అవి అయ్యేసరికి డిసెంబర్ వచ్చేసింది. ఆ నెలలో ఇక్కడ మధ్యాహ్నం నాలుగు కాకుండానే పొద్దు గుంకుతుంది. క్లాసు నుంచి బయటికొస్తే వీధిదీపాలు. రెండు వారాలు గదిలోనే ఉండి ఇంటి మీద బెంగ పెట్టుకున్నాను. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే: ఎండ కాసిన పూట కొండకో సముద్రానికో, వాన పూట మ్యూజియంకి, చదువు చీకటి పడ్డాక.

మొదటి వారంలోనే ఆర్థర్స్ సీట్ ఎక్కేయండి. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం, ఎత్తు 251 మీటర్లు, ఊరి నడిమధ్యే ఉంది. తీరిగ్గా ఎక్కి దిగడానికి రెండు గంటలు చాలు. నేను నవంబర్‌లో కాన్వాస్ షూలతో వెళ్లి, దిగేటప్పుడు తడి గడ్డి మీద జారి మోచెయ్యి గీరుకుపోయింది. అడుగున గట్టి పట్టున్న బూట్లు కొనుక్కోండి. గొడుగు మాత్రం కొనొద్దు, ఈ గాలికి వెనక్కి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటే మేలు.

వాన పూటలకి ఛాంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లండ్. టికెట్ లేదు, కాబట్టి ఒకే రోజులో అంతా చూసేయాలన్న ఆత్రం వద్దు. గంట చూసి వచ్చేయండి, మళ్లీ వెళ్లండి. 1996లో ఈ ఊరి దగ్గరే పుట్టిన క్లోనింగ్ గొర్రె డాలీ అక్కడే గాజు పెట్టెలో ఉంది. ఇంటర్ జువాలజీ పుస్తకంలో చదివిన డాలీ ఎదురుగా నిలబడి ఉంటే, ఉన్ని ముడతలు చూస్తూ చాలాసేపు కదల్లేకపోయాను. వాన తగ్గితే పైనున్న టెర్రస్ ఎక్కండి, కోట బాగా కనిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది క్రామండ్ దీవి. సిటీ బస్సులో క్రామండ్ ఊరిదాకా వెళ్లి, అక్కడి నుంచి సముద్రం మీదుగా నడిచి వెళ్లడమే. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గితే మైలుకి కొంచెం తక్కువ పొడవున దారి తేలుతుంది. పక్కనే రెండో ప్రపంచ యుద్ధం నాటి కాంక్రీటు స్తంభాలు పళ్ల వరసలా నిలబడి ఉంటాయి. దగ్గరికెళితే వాటికి గవ్వలు, పాచి దట్టంగా పట్టి కనిపిస్తాయి. మాది కాకినాడ, ఆ ఉప్పువాసన తగలగానే ప్రాణం లేచొచ్చింది.

కానీ పోటు వస్తే దారి మునిగిపోతుంది, దీవిలో చిక్కుకుపోతారు. దారి మొదట్లో బోర్డు మీద ఆ రోజు దాటే వేళలు రాసి ఉంటాయి, తప్పకుండా చదవండి. మామూలుగా నీళ్లు బాగా తగ్గిన సమయానికి రెండు గంటలు ముందు, రెండు గంటలు తర్వాత. నేనైతే వేళ ముగియడానికి గంట ముందే వెనక్కి బయల్దేరేలా ఫోన్‌లో అలారం పెట్టుకుంటాను. దీవిలో కొట్లు లేవు, తాగడానికి నీళ్లూ దొరకవు. సీసాతో నీళ్లు, డబ్బాలో పులిహోర పట్టుకెళ్లండి.