రక్త పరీక్షలో పొటాషియం అంకెను ఎలా చదువుకోవాలి?

మా నాన్నగారి రిపోర్టులో ఒకసారి పొటాషియం 6.1 అని వచ్చింది. ఇంటిల్లిపాదీ హడలిపోయాం. ఆయన మాత్రం ఏ బాధా లేకుండా మజ్జిగ తాగుతూ కూర్చున్నారు. డాక్టరుగారు అప్పటికప్పుడు ఈసీజీ తీయించి, రక్తం మళ్లీ ఇమ్మన్నారు. ఈసీజీ బాగుంది, రెండోసారి 4.4 వచ్చింది. రిపోర్టు చూసే పద్ధతి నాకు అప్పుడే తెలిసింది.

1. ముందు అంకెను, దాని పక్కనున్న పరిధిని చూడండి

పెద్దవాళ్లకు సాధారణంగా 3.5 నుంచి 5.0 లేదా 5.1 దాకా ఉంటుంది. ల్యాబును బట్టి ఇది కాస్త మారుతుంది కాబట్టి మీ రిపోర్టులో అచ్చు వేసిన పరిధినే చూసుకోండి. లీటరుకు మిల్లీమోల్ అని రాసినా, మిల్లీఈక్వివలెంట్ అని రాసినా పొటాషియానికి రెండూ ఒకటే.

2. రక్తం ఎలా తీశారో గుర్తు చేసుకోండి

ఒంట్లోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. పరీక్షలో తేలేది బయట తిరిగే ఆ కాస్తే. ఎర్రరక్తకణాలు సూదిలోనో గొట్టంలోనో చితికితే లోపలిది బయటికి వచ్చేసి, మనిషి బాగున్నా అంకె పెరుగుతుంది. దీన్ని హీమోలిసిస్ అంటారు. రక్తం గడ్డకట్టాక మిగిలే, లేత పసుపు రంగులో ఉండాల్సిన ద్రవం (సీరం) అప్పుడు ఎర్రబారుతుంది. ల్యాబువాళ్లు ఆ మాటను రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో రాస్తారు, వెతకండి. రబ్బరు పట్టీ చాలాసేపు కట్టి ఉంచినా, పిడికిలి పదేపదే మూసి తెరిచినా, నమూనా ల్యాబుకు ఆలస్యంగా చేరినా పొటాషియం ఎక్కువగా కనిపించవచ్చు. నాన్నగారికి నరం దొరకక రెండుచోట్ల గుచ్చారు, పిడికిలి బిగించి వదలమని అన్నిసార్లూ చెప్పారు. రెండోసారి చెయ్యి వదులుగా పెట్టి కూర్చున్నారు.

అంతమాత్రాన రిపోర్టు తప్పని మనకు మనమే తేల్చేసుకోకూడదు. మళ్లీ పరీక్ష చేయించాలా, ఎంత త్వరగా చేయించాలి అన్నది డాక్టరే చెప్పాలి.

3. క్రియాటినిన్‌ను, మందుల చీటీని పక్కన పెట్టుకోండి

ఎక్కువైన పొటాషియాన్ని ప్రధానంగా బయటికి పంపేవి మూత్రపిండాలు. అవి ఎలా పనిచేస్తున్నాయో రక్త పరీక్షలో తెలిపే క్రియాటినిన్ కూడా ఎక్కువగా ఉంటే పొటాషియం అంకెను తేలిగ్గా తీసుకోవద్దు. బీపీకి వాడే టెల్మిసార్టాన్, రామిప్రిల్, గుండె జబ్బుకు ఇచ్చే స్పైరనోలాక్టోన్, నొప్పులకు మింగే ఐబుప్రొఫెన్ పొటాషియాన్ని పెంచగలవు. ఫ్యూరోసెమైడ్ వంటి నీరు పోయే మాత్రలు, వాంతులు, విరేచనాలు తగ్గిస్తాయి. తగ్గినప్పుడు మెగ్నీషియం కూడా చూడమని అడగండి. అది తక్కువగా ఉంటే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. చీటీలో ఉన్న మందును మాత్రం సొంతంగా ఆపకండి.

4. ఎప్పుడు ఆగకూడదో తెలుసుకోండి

6.0 దాటినా, 3.0 కంటే తగ్గినా అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. 6.5 లేదా ఆపైన ఉన్నా, 2.5 కంటే తగ్గినా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఏ బాధా లేదు కదా అని ఆగవద్దు, పొటాషియం చాలా పెరిగినా ఒక్కోసారి ఏమీ తెలియదు. అంకె ఎంతైనా సరే, గుండె దడ, కళ్లు తిరగడం, కాళ్లుచేతుల్లో సత్తువ పోవడం ఉంటే క్షణం ఆలస్యం చేయకండి.

5. తిండి మార్పులు ఆ తర్వాతే

మూత్రపిండాలు బాగున్నవారు అరటిపండు మానేయనక్కరలేదు. జబ్బు ఉన్నవారి సంగతి వేరు. కొబ్బరితోటలు, కిడ్నీ జబ్బులు రెండూ ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి: నీరసంగా ఉందని కిడ్నీ రోగికి కొబ్బరిబోండం ఇవ్వడం ప్రేమతో చేసే పనే అయినా, ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. సోడియం తగ్గించిన ఉప్పు కూడా వద్దు, అందులో కలిపేది పొటాషియం క్లోరైడే. కూరగాయలు చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేయండి. ఆ నీళ్లు పారబోయాలి, చారులో కలపకూడదు.