హెచ్‌పీఎల్‌సీ పంపులో చెక్ వాల్వ్ మొరాయిస్తే

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు పరీక్షించే ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ (శాంపిల్‌లోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) పంపు ప్రెషర్ ఊగడం మొదలైతే శాంపిళ్లన్నీ ఆగిపోతాయి. పీకులు (గ్రాఫ్‌లో పదార్థాన్ని చూపే శిఖరాలు) ఆలస్యంగా వస్తాయి, ఫలితాలు నమ్మలేం. అలాగని వెంటనే కొత్త చెక్ వాల్వ్‌కి (ద్రవం వెనక్కి రాకుండా ఆపే వాల్వ్) ఆర్డర్ పెట్టకండి. చాలాసార్లు లోపలి బంతి సీటుకి అంటుకుని ఉంటుంది, కడిగితే వదులుతుంది.

ముందు గాలి సంగతి తేల్చుకోండి. పర్జ్ వాల్వ్ (గాలిని బయటికి వదిలేది) తెరిచి నిమిషానికి 5 మి.లీ. చొప్పున 5 నిమిషాలు వదలండి. తర్వాత ఇన్‌లెట్ ట్యూబ్‌ని పంపు దగ్గర విప్పి, కొసను సాల్వెంట్ సీసా మట్టం కంటే కిందికి దించండి. ద్రవం దానంతటదే ధారగా కారాలి. బొట్లు బొట్లుగా పడితే సీసాలోని ఫిల్టర్ పూడింది. పంపు హెడ్ (పిస్టన్ ఆడే భాగం) వెనక తడో, తెల్లటి ఉప్పు పొరో కనిపిస్తే అది పిస్టన్ సీల్ లీక్.

ఇవేవీ కాకపోతే ట్యూబ్‌ని బిగించి, ఒక్క క్షణం సీసాలోంచి పైకెత్తి చిన్న బుడగని లోపలికి రానివ్వండి. ఫ్లో నిమిషానికి 1 మి.లీ. పెట్టి, కళ్లు తిప్పకుండా ఆ బుడగనే చూడండి. పిస్టన్ పీల్చినప్పుడు అది ముందుకు జరగాలి, తోసినప్పుడు ఉన్నచోటే నిలవాలి. తోసినప్పుడు వెనక్కి జారిందంటే ఇన్‌లెట్ వాల్వ్ మూసుకోవడం లేదు. అసలు కదలకపోతే ఇన్‌లెట్ బంతి అతుక్కుని అయినా ఉండాలి, అవుట్‌లెట్ వాల్వ్‌లోంచి ద్రవం వెనక్కి అయినా వస్తుండాలి. అప్పుడు రెండూ కడగడమే మేలు.

చెక్ వాల్వ్‌లో కెంపు బంతి నీలమణి (సఫైర్) సీటు మీద కూర్చుంటుంది. వట్టి ఎసిటోనైట్రైల్ (ఇందులో వాడే సాల్వెంట్) ఎక్కువగా నడిపితే ఆ రెంటి మధ్య సన్నటి జిగురు పొర పేరుకుంటుంది. ఫాస్ఫేట్ బఫర్‌లో (ఉప్పు కలిసిన నీళ్లు) ఎసిటోనైట్రైల్ 70 శాతం దాటితే ఉప్పు విడిపోయే ప్రమాదం ఉంది. మధ్యలో కరెంటు పోయి బఫర్ లోపలే నిలిచిపోయినా ఇదే తంటా.

కాలమ్ (పదార్థాల్ని విడదీసే గొట్టం) తీసేయండి. బఫర్ వాడి ఉంటే ముందు నీళ్లతో 20 నిమిషాలు, తర్వాత ఐసోప్రొపనాల్‌తో అరగంట నడపండి. వదలకపోతే ప్రెషర్ సున్నాకి దించి, చేతి తొడుగులు వేసుకుని వాల్వ్ విప్పండి. బాణం గుర్తు ఎటుందో రాసి పెట్టుకోండి. చిన్న బీకరులో ఐసోప్రొపనాల్ పోసి, వాల్వ్‌ని నిలువుగా అందులో ఉంచి, ఆ బీకరుని సోనికేటర్ (ధ్వని తరంగాలతో కడిగే తొట్టి) నీళ్లలో 15 నిమిషాలు పెట్టండి. సాల్వెంట్‌ని నేరుగా సోనికేటర్ తొట్టిలో పోయకండి, నిప్పు ప్రమాదం. ఒక్క బంతి ఉండే వాల్వ్ అయితే చెవి దగ్గర ఆడిస్తే టిక్‌టిక్ అని వినిపించాలి. బిగించేటప్పుడు ముందు వేళ్లతో, ఆపైన స్పానర్‌తో పావు చుట్టు చాలు. బలం చూపిస్తే సీటు పగులుతుంది.

కాలమ్ పెట్టి నిమిషానికి 1 మి.లీ. ఫ్లోతో 10 నిమిషాలు కొలజాడీలో పట్టండి. 9.8 నుంచి 10.2 మి.లీ. మధ్య వస్తే పంపు సరిగ్గా ఉన్నట్టే. రెండుసార్లు కడిగినా రాకపోతే వాల్వ్ మార్చాల్సిందే.

ఎసిటోనైట్రైల్ సీసాలో 5 శాతం నీళ్లు కలిపి, ఆ మేరకు గ్రేడియంట్ (సాల్వెంట్ల పాళ్లు మారే క్రమం) సవరించుకుంటే ఈ జిగురు బాధ చాలా తగ్గుతుంది. రోహిణి కార్తె ఎండలో కిటికీ పక్కన పెట్టిన నీటి సీసాలో నాచు త్వరగా పడుతుంది. ముదురు గోధుమ రంగు సీసా వాడండి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు పారబోసి కొత్తవి పట్టండి, పాత నీళ్ల మీద కొత్తవి మాత్రం కలపకండి.