పేపరూ రేడియో ఒకే ఇంటివైతే: కుటుంబ మీడియా సంస్థ చరిత్ర రాసే పద్ధతి

ఒక కుటుంబం తరతరాలుగా నడిపిన దినపత్రిక, దానితోపాటు పుట్టిన రేడియో, టీవీ స్టేషన్ల చరిత్ర రాయడానికి కూర్చున్నవాళ్లు చాలావరకు ముందుగా వందేళ్ల ప్రత్యేక సంచిక తెరుస్తారు. దాన్ని ఆఖర్న తెరవాలి. ఆ సంచిక ఆ ఇంటివాళ్లు తమ గురించి తాము రాసుకున్నది. స్థాపకుడి పట్టుదల, మొదటి ముద్రణ యంత్రం, పెద్ద వరదప్పుడు కూడా ఆగని పేపరు అన్నీ అందులో ఉంటాయి. పక్క ఊరి బ్యాంకుకు తాకట్టు పడిన సంగతి, ఇద్దరు అన్నదమ్ములు పదేళ్లు మాట్లాడుకోని సంగతి మాత్రం ఉండవు. ఇలాంటి సంస్థ ఏ మలుపు తిరిగినా దాని జాడ వాటాల కాగితాల్లో, లైసెన్సు దస్త్రాల్లో, వీలునామాల్లో దొరుకుతుంది. కాబట్టి పని అక్కడ మొదలుపెట్టాలి.

ఇక్కడ చెప్పే పద్ధతి అమెరికా సంస్థలకు సంబంధించినది. చాలా దేశాల్లో రేడియో చాలాకాలం ప్రభుత్వం చేతిలోనో ప్రభుత్వ సంస్థ చేతిలోనో ఉండేది. అమెరికాలో లైసెన్సులు ప్రైవేటు వాళ్లకు ఇచ్చారు. పత్రికలవాళ్లు ముందే దూకారు. స్క్రిప్స్ కుటుంబం డెట్రాయిట్ న్యూస్ 1920 ఆగస్టు 20న 8ఎంకే పేరుతో ప్రసారం మొదలుపెట్టింది. 1922లోనే అట్లాంటా జర్నల్ డబ్ల్యూఎస్‌బీ అనే రేడియో స్టేషన్‌ను, లూయివిల్‌లో బింగం కుటుంబ పత్రికలు డబ్ల్యూహెచ్ఏఎస్‌ను, సెయింట్ లూయిస్‌లో పులిట్జర్ల పోస్ట్-డిస్పాచ్ కేఎస్‌డీని, డల్లస్ మార్నింగ్ న్యూస్ డబ్ల్యూఎఫ్ఏఏను పెట్టాయి. ప్రైవేటు చేతుల్లో ఉండటం వల్ల ప్రతి మార్పుకూ ఒక దరఖాస్తు, ఒక ప్రమాణపత్రం పుట్టాయి. మన పనికి ఆధారం అవే.

ముందుగా మూడు గీతలు గీయండి

పెద్ద కాగితం మీద మూడు అడ్డగీతలు గీయండి. మొదటిది పత్రిక పేరు, రెండోది దాన్ని ప్రచురించే కంపెనీ, మూడోది ప్రసార లైసెన్సు. ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం ఈ రకం పుస్తకాల్లో తరచూ కనబడే తప్పు. పేపరు పేరు మారకుండా కంపెనీ మారవచ్చు. కంపెనీ అదే ఉండి, లోపల వాటాలు ఒక కొడుకు నుంచి ఇంకో అల్లుడికి పోవచ్చు. స్టేషను పేరు మారినా లైసెన్సు అదే కావచ్చు. డెట్రాయిట్‌లో మొదలైన 8ఎంకే 1922కల్లా డబ్ల్యూడబ్ల్యూజే అయింది. అవి రెండు స్టేషన్లనుకుని రాస్తే మీ పుస్తకంలో లేని స్టేషను ఒకటి పుడుతుంది.

గీత మీద ప్రతి మార్పు దగ్గరా నాలుగు సంగతులు రాయండి: తేదీ, ఎవరి నుంచి ఎవరికి, ఏ దారిన వచ్చింది (కొనుగోలు, వారసత్వం, పెళ్లి, ట్రస్టు, వేలం), ఏ కాగితంలో చూశారు. నాలుగోది ఖాళీగా ఉన్న మార్పు ఏదీ పుస్తకంలోకి వెళ్లకూడదు.

స్థాపన సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మవద్దు. పాత పత్రికల్ని కొని కలుపుకున్న పేపరు, వాటిలో అన్నిటికన్నా పాతదాని పుట్టినరోజును తనదిగా చెప్పుకోవడం మామూలే. మొదటి పేజీ తలకట్టు కింద ఉండే సంపుటి సంఖ్యను తీసుకుని వెనక్కి లెక్కపెట్టండి. 1920లో 30వ సంపుటి నడుస్తుంటే మొదటిది 1890 ప్రాంతంలో రావాలి. లెక్క కుదరకపోతే మధ్యలో ఎక్కడో సంఖ్య దూకి ఉంటుంది. జనవరి మొదటి సంచికల్ని మాత్రమే వరసగా చూసుకుంటూ పోతే ఆ దూకిన ఏడాది దొరుకుతుంది. అక్కడే ఏదో విలీనమో అమ్మకమో జరిగి ఉండవచ్చు.

అక్టోబరు నెల లోపలి పేజీ

అమెరికా పత్రికల యాజమాన్యం తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు. రెండో తరగతి పోస్టల్ రేటు (పత్రికలకు ఇచ్చే చౌక తపాలా ధర) వాడుకునే పత్రికలు తమ యజమానుల వివరాలు ప్రమాణపూర్వకంగా తపాలా శాఖకు ఇచ్చి, తమ పేజీల్లోనే అచ్చువేయాలని 1912 ఆగస్టు 24 నాటి చట్టం చెప్పింది. మొదట్లో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్, అక్టోబరు నెలల్లో. తర్వాత అక్టోబరు ఒక్కటే మిగిలింది.

అచ్చులో అది ఎలా ఉంటుందో తెలియకపోతే కళ్లముందే ఉన్నా దాటిపోతుంది. వర్గీకృత ప్రకటనల పక్కనో, సంపాదకీయం పేజీ అడుగునో, చీమతలకాయంత అక్షరాల్లో ఒక కాలమ్ ముక్క. పైన ప్రచురణకర్త, సంపాదకుడు, మేనేజింగ్ ఎడిటర్, బిజినెస్ మేనేజర్ పేర్లు. తర్వాత యజమానులు. కంపెనీ అయితే ఒక శాతం, ఆపైన వాటా ఉన్నవాళ్ల పేర్లు. ఆ తర్వాత బాండ్లు, తాకట్లు ఎవరి చేతిలో ఉన్నాయో. దినపత్రికైతే అమ్ముడుపోయిన ప్రతుల సగటు. అడుగున నోటరీ సంతకం. డిజిటల్ పేజీల్లో వెతికేటప్పుడు పత్రిక పేరు కొట్టవద్దు. ఆ ముక్క తలకట్టులోనే చట్టం తేదీ ఉంటుంది గనుక “ఆగస్టు 24, 1912” అన్న తేదీని ఇంగ్లీషులో కొట్టి, ఏప్రిల్, అక్టోబరు నెలలకు పరిమితం చేయండి. అక్షరాలు చిన్నవి కావడంతో యంత్రం చాలాసార్లు తప్పు చదువుతుంది. దొరకకపోతే ఆ నెల మొదటి పది రోజుల పేజీలు కంటితో తిప్పాల్సిందే.

యజమానుల పేర్లకన్నా తాకట్టు పంక్తిని జాగ్రత్తగా చదవండి. స్వతంత్ర పత్రికగా చెప్పుకున్న పేపరు బాండ్లు ఒక రాజకీయ నాయకుడి బావమరిది చేతిలో ఉన్నాయంటే ఆ దశాబ్దపు సంపాదకీయాలన్నీ మళ్లీ చదవాలి. ఈ ఏడాది ముక్కను పోయిన ఏడాది ముక్క పక్కన పెట్టి పేరు పేరునా సరిచూడండి. ఒక పేరు మాయమై దాని చోట “ఫలానావారి ఎస్టేటు” అని వచ్చిందా, ఆ మధ్యలో మరణం. “ట్రస్టీ” అని వచ్చిందా, ఎక్కడో ఒక వీలునామా అమలవుతోంది. ఆడపిల్లల వాటాలు ఎక్కువగా పెళ్లి తర్వాత ఇంటిపేరుతో కనబడతాయి. వంశవృక్షం పక్కన లేకుండా ఈ పని చేస్తే కుటుంబంలో సగం మంది బయటివాళ్లయిపోతారు.

1912కు ముందు కాలానికి రోవెల్, ఏయర్ కంపెనీల వార్షిక పత్రికా డైరెక్టరీలు చూడాలి. రోవెల్ డైరెక్టరీ 1869లో, ఏయర్‌ది 1880లో మొదలయ్యాయి. వాటిలో సర్క్యులేషన్ అంకెలు చాలావరకు పత్రికవాళ్లు చెప్పుకున్నవే. ప్రతుల లెక్కను తనిఖీ చేసే ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ 1914లో వచ్చాకగాని నమ్మదగిన లెక్క లేదు. అంతకుముందు అంకె వాడితే “పత్రిక చెప్పుకున్న లెక్క” అని పక్కన రాయండి.

లైసెన్సు కార్డులు చదవడం

ప్రసారాలకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థలు, అంటే 1927 నుంచి ఫెడరల్ రేడియో కమిషన్, 1934 నుంచి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ (ఎఫ్‌సీసీ), ప్రతి స్టేషనుకూ ఒక కార్డు నడిపాయి. ఎఫ్‌సీసీ ఈ చరిత్ర కార్డుల్ని స్కాన్ చేసి తన వెబ్‌సైట్‌లో పెట్టింది. ఏఎం స్టేషన్లకు దాదాపు 1980 వరకు నడిచాయి. టైపు మిషను మీద కొట్టిన పొట్టి పంక్తులు, కొట్టివేతలు, పొడి అక్షరాలు చూసి బెదరవద్దు. “సీపీ” అంటే నిర్మాణ అనుమతి. అనుమతి తేదీనే ప్రసారం మొదలైన తేదీగా రాసేస్తే పొరపాటు. రెండింటి మధ్య నెలలు గడవచ్చు, ఒక్కోసారి స్టేషను కట్టకుండానే అనుమతి రద్దు కావచ్చు.

యాజమాన్యం విషయంలో రెండు మాటల తేడా పట్టుకోవాలి. “అసైన్‌మెంట్” అంటే లైసెన్సు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి వెళ్లింది. “ట్రాన్స్‌ఫర్ ఆఫ్ కంట్రోల్” అంటే లైసెన్సు కదలలేదు, ఆ కంపెనీలో పట్టు చేతులు మారింది. వీటి ముందు “ఇన్‌వాలంటరీ” అని ఉంటే తమ ఇష్టంతో జరిగినది కాదని అర్థం. కుటుంబ సంస్థల్లో అది ఎక్కువగా పెద్దాయన చనిపోయాడనే సూచన. ఆ పంక్తి తేదీ పట్టుకుని ప్రొబేట్ కోర్టుకు, అంటే వీలునామాలు, వారసత్వాలు తేల్చే కోర్టుకు వెళ్లండి.

1927కు ముందు స్టేషన్లకు వాణిజ్య శాఖ నెలనెలా వేసిన రేడియో సర్వీస్ బులెటిన్ ఉంది. తర్వాతి కాలానికి బ్రాడ్‌కాస్టింగ్ ఇయర్‌బుక్ వరస ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ కోసం ఇద్దరు పోటీపడి విచారణ జరిగితే ఆ డాకెట్టు (విచారణ దస్త్రం) వెతికి తీరాలి. ఎఫ్‌సీసీ పాత దస్త్రాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 173 కింద ఉంటాయి. ప్రత్యర్థి లాయరు అడ్డప్రశ్నలు వేసినప్పుడు బయటపడిన వాటాల శాతాలు, ఆదాయం, పత్రిక, రేడియో ఒకరి ప్రకటనల రేట్లను ఇంకొకరు ఎలా కాపాడుకున్నారో అక్కడ ప్రమాణం చేసి చెప్పిన మాటల్లో ఉంటాయి. ఏ వార్షికోత్సవ సంచికా ఆ సంగతులు చెప్పదు.

టీవీ అధ్యాయం రాసేటప్పుడు ఒక విరామం గుర్తుంచుకోండి. 1948 సెప్టెంబరు 30 నుంచి 1952 ఏప్రిల్ వరకు ఎఫ్‌సీసీ కొత్త టీవీ అనుమతులు ఆపేసింది. దానికి ముందే అనుమతి తెచ్చుకున్న కుటుంబాలకు తమ ఊళ్లో ఏళ్ల తరబడి పోటీయే లేకపోవచ్చు. కాక్స్ కుటుంబం 1939లో అట్లాంటా జర్నల్‌తోపాటు డబ్ల్యూఎస్‌బీని కొంది. డబ్ల్యూఎస్‌బీ-టీవీ 1948 సెప్టెంబరు 29న, సరిగ్గా ఆ తలుపు మూసుకోవడానికి ముందురోజు మొదలైంది.

మరణం, పన్ను, ట్రస్టు

సంస్థ ఎందుకు అమ్ముడైందన్న ప్రశ్నకు “పాఠకులు తగ్గారు” అని రాసే ముందు ప్రొబేట్ దస్త్రం చూడండి. చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఫెడరల్ ఎస్టేట్ పన్ను 1916లో వచ్చింది. 1941 నుంచి 1976 వరకు దాని అత్యధిక రేటు 77 శాతం. చేతిలో నగదు లేదు, ఆస్తంతా వాటాల్లోనే ఉంది. అలాంటి కుటుంబం ఒక మరణం తర్వాత ఏదో ఒకటి అమ్ముకోక తప్పదు. అందుకే తెలివైన కుటుంబాలు ట్రస్టులు కట్టాయి, ఓటున్న వాటాలనూ ఓటులేని వాటాలనూ విడదీశాయి. పత్రికల గొలుసు నడిపిన ఎడ్వర్డ్ డబ్ల్యూ. స్క్రిప్స్ 1922లో కట్టిన ట్రస్టు ఆయన మనవల్లో ఆఖరివాడు పోయేదాకా, అంటే 2012 వరకు నిలిచింది. ఇలాంటి చోట ఎవరికి ఎంత ఆస్తి ఉందన్న లెక్క సరిపోదు. ఓటు ఎవరిది, లాభం ఎవరిది అని రెండు నిలువు వరసలు పెట్టాలి.

నిబంధనల వల్ల జరిగిన అమ్మకాల్ని కుటుంబ తగాదాల ఖాతాలో వేయకూడదు. ఒకే ఊళ్లో పేపరూ ప్రసార స్టేషనూ కొత్తగా ఒకరి చేతికి రాకూడదని ఎఫ్‌సీసీ 1975లో నిబంధన తెచ్చింది. పాతవాటిని చాలావరకు ఉండనిచ్చి కొన్ని ఊళ్లలో మాత్రం విడదీయమంది. సుప్రీం కోర్టు 1978లో దాన్ని సమర్థించింది. అదే ఏడాది డెట్రాయిట్ న్యూస్, వాషింగ్టన్ పోస్ట్ సంస్థలు తమ సొంత ఊళ్ల టీవీ స్టేషన్లను ఒకరికొకరు మార్చుకున్నాయి. అప్పటి వాతావరణం తెలియకపోతే ఆ మార్పిడి వింతగా కనబడుతుంది. ఎఫ్‌సీసీ 2017లో ఈ నిబంధన తీసేసింది. ఆ నిర్ణయాన్ని సుప్రీం కోర్టు 2021లో నిలబెట్టింది.

సంస్థ విడిపోతే కాగితాలూ విడిపోతాయి. బింగంల సంస్థ 1986లో అమ్ముడైనప్పుడు పత్రికలు గానెట్‌కు, రేడియో క్లియర్ ఛానల్‌కు, టీవీ ప్రావిడెన్స్ జర్నల్ కంపెనీకి పోయాయి. మీ సంస్థ కూడా ఇలా ముక్కలైతే ప్రతి ముక్కనూ కొన్నవాళ్లు, వాళ్ల దగ్గర మళ్లీ కొన్నవాళ్లు ఎవరో వరసగా రాసుకుని ఒక్కొక్కరినీ విడిగా అడగాలి.

టేపులు, డిస్కులు: ముందు ముట్టుకోకండి

ప్రసారాల వైపు సామగ్రి కాగితంకన్నా తొందరగా పాడవుతుంది. నేలమాళిగలో డబ్బాలు దొరకగానే పాత ప్లేయర్ మీద పెట్టి వినాలనిపిస్తుంది. ఆ ఒక్కసారికే అది చివరి వినికిడి కావచ్చు.

16 అంగుళాల లాకర్ (నైట్రోసెల్యులోజ్) పూత డిస్కులైతే పైన తెల్లటి జిడ్డు పొర కట్టి ఉంటుంది. అది పూత లోంచి బయటికొచ్చిన కొవ్వు ఆమ్లం, బూజు కాదు. గోటితో గీకితే గాడి పోతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు డిస్కులకు లోపల అల్యూమినియం బదులు గాజు ఉండవచ్చు. మధ్య కన్నంలోకి టార్చి వేసి చూడండి. గాజైతే రెండు చేతులతో అంచులు పట్టుకుని నిలువుగానే పెట్టాలి.

పావు అంగుళం ఆడియో టేపు చుట్టను వెలుతురుకు అడ్డంగా పట్టండి. పక్కనుంచి వెలుగు కనబడితే ఆ టేపు ప్లాస్టిక్ అసిటేట్, కనబడకపోతే ఎక్కువగా పాలియెస్టర్. 1970, 80లనాటి కొన్ని పాలియెస్టర్ టేపులు తేమ పీల్చి జిగురుగా మారతాయి. కీచుమంటూ ఆడి, హెడ్ మీద గోధుమరంగు మడ్డి వదులుతాయి. వాటిని నిపుణులు దాదాపు 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్‌లో గంటల తరబడి వేడిచేసి, వెంటనే కాపీ తీస్తారు. అసిటేట్ టేపును అలా వేడిచేస్తే నాశనమే. వెనిగర్ వాసన వచ్చే ఫిల్మ్ డబ్బాలను మిగతావాటికి దూరంగా పెట్టండి, ఆ ఆవిరి పక్కవాటికీ అంటుతుంది. రెండు అంగుళాల వీడియో టేపు ఖరీదైనది కావడంతో స్టేషన్లు దాన్ని తుడిచి మళ్లీ వాడేవి. లేబుల్ మీద ఉన్న కార్యక్రమం లోపల ఉండకపోవచ్చు. ఆడించి చూసేదాకా పుస్తకంలో రాయవద్దు.

మనుషుల్ని అడగడం

కుటుంబంవాళ్ల దగ్గరికి ఆఖర్న వెళ్లండి. ముందు ప్రెస్ ఫోర్‌మన్, ప్రకటనల లెక్క చూసిన గుమస్తా, ట్రాన్స్‌మిటర్ ఇంజినీరు. యజమాని కొడుకు మొదటిసారి ఆఫీసుకొచ్చిన రోజు వీళ్లకు గుర్తుంటుంది. అభిప్రాయాలు అడిగితే అందరూ మర్యాదగానే మాట్లాడతారు. అందుకని జీతం ఎవరి చేతి మీదుగా వచ్చేది, పేజీ ఆపమని ఫోను ఏ గదినుంచి వచ్చేది అని అడగండి. కుటుంబాన్ని కలిసేటప్పటికి మీ మూడు గీతల పట్టిక చేతిలో ఉండాలి. 1950లో ఫలానా వాటా అత్తయ్యగారి పేరు నుంచి ఎందుకు పోయిందని తేదీతో సహా అడిగితే జవాబు వస్తుంది, లేదా మౌనం వస్తుంది. ఆ మౌనాన్ని కూడా తేదీ వేసి రాసుకోండి. మాట్లాడినవాళ్ల అనుమతి రాతపూర్వకంగా ఆ రోజే తీసుకోండి. తర్వాత వారసులు ఒప్పుకోకపోవచ్చు.

ఊళ్లోని రెండో పేపరు మైక్రోఫిల్మ్‌ను (పేజీలను చిన్నవిగా ఫొటో తీసిన రీలు) సొంత పేపరుదాని పక్కన పెట్టి చదవండి. సమ్మెలు, పరువునష్టం దావాలు, విడాకులు అక్కడ మొదటి పేజీలో ఉంటాయి. పోటీవాడి వార్తను ఒక్కదాన్నే నమ్మి ఏదీ రాయకూడదు గానీ, ఏ వారం కోర్టు రికార్డు తీయాలో అది చెబుతుంది. మైక్రోఫిల్మ్ చేసినవాళ్లు చాలాచోట్ల రోజుకు ఒక ఎడిషనే తీశారు. పొద్దున ఎడిషన్‌లో ఉండి సాయంత్రానికి తీసేసిన వార్త రీలులో ఉండకపోవచ్చు. ఎవరికైనా గుర్తున్న వార్త దొరకనప్పుడు జ్ఞాపకం తప్పనుకునే ముందు ఆ పత్రిక రోజుకు ఎన్ని ఎడిషన్లు వేసేదో, రీలులో ఉన్నది వాటిలో ఏదో తలకట్టు పక్కన ఉన్న గుర్తు చూసి తేల్చుకోండి.