షికాగోలో ఫ్రీగా ఆర్కెస్ట్రా వినాలంటే

షికాగో చుట్టుపక్కల ఏళ్ల తరబడి ఉంటూ కూడా మిలీనియం పార్క్ అంటే బీన్ (చిక్కుడు గింజ ఆకారంలో మెరిసే ఆ స్టీలు శిల్పం) దగ్గర ఫొటో దిగి వచ్చేయడమే అనుకునేవాళ్లు మనలో చాలామంది. ఈ వేసవిలో ఒక్క సాయంత్రం అదే పార్కులో జరిగే గ్రాంట్ పార్క్ మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్లండి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీలివి. 1935లో, ఆర్థిక మాంద్యం వల్ల వాద్యకారులకు పని దొరకని రోజుల్లో మొదలైంది. ఇప్పటికీ టికెట్ లేదు. వాయించేది పూర్తిస్థాయి ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రా, దానికి సొంత కోరస్ కూడా ఉంది.

జూన్ నుంచి ఆగస్టు మధ్య వరకు మామూలుగా బుధ, శుక్రవారాల్లో సాయంత్రం 6:30కి, శనివారం 7:30కి ఉంటుంది. కొన్నిసార్లు పక్కనే ఉన్న హారిస్ థియేటర్‌లోకి మారుస్తారు కాబట్టి బయల్దేరే ముందు ఆ వారం షెడ్యూల్ చూసుకోండి.

కారు వద్దు. కచేరీ ఫ్రీ అయినా డౌన్‌టౌన్ పార్కింగ్‌కి బాగానే వదులుతుంది. నేపర్‌విల్, అరోరా వైపు వాళ్లు మెట్రా రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఇరవై, పాతిక నిమిషాల నడక. తిరుగు రైలు టైము ముందే చూసి పెట్టుకోండి, లేకపోతే చివరి పావుగంట సంగీతం మీద కాకుండా గడియారం మీదే ఉంటుంది మనసు.

ఎక్కడ కూర్చోవాలన్నది అసలు విషయం. కచేరీ జరిగే ఆరుబయలు వేదిక, ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెరీ డిజైన్ చేసిన ప్రిట్జ్‌కర్ పెవిలియన్‌లో సుమారు 4,000 కుర్చీలు, వాటి వెనక 7,000 మంది పట్టే పచ్చిక ఉన్నాయి. ముందు వరసలు డబ్బు కట్టి ఫెస్టివల్ సభ్యులైనవాళ్లకు, మిగతావి ముందొచ్చినవాళ్లకు. పచ్చిక మీద అడ్డదిడ్డంగా కనిపించే ఆ స్టీలు పందిరి అందం కోసం మాత్రమే కాదు, స్పీకర్లన్నీ దానికే వేలాడుతుంటాయి. స్టేజీ మీది శబ్దం మనదాకా రావడానికి కాస్త సమయం పడుతుంది కదా, దానికి సరిపోయేలా స్పీకర్ల శబ్దాన్ని కూడా ఆ మేరకు ఆలస్యం చేస్తారు, అందుకే ఎంత వెనక కూర్చున్నా వాద్యం ముందు నుంచే వినిపిస్తున్నట్టు ఉంటుంది. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లు గంట ముందే చేరుకుని కుర్చీలే పట్టుకోండి, ఎందుకంటే వయొలిన్ల విల్లులన్నీ ఒక్కసారిగా లేచి దిగడం కళ్లతో చూస్తే సగం సంగీతం అక్కడే అర్థమైపోతుంది. చిన్నపిల్లలుంటే మాత్రం పచ్చికే హాయి. పెద్ద పిల్లల్ని ఫ్రెండ్స్‌తో విడిగా పంపాలనుకుంటే, గురువారం నుంచి ఆదివారం వరకు సాయంత్రం 6 దాటాక 18 ఏళ్లలోపు వాళ్లను పెద్దల తోడు లేకుండా పార్కులో ఉండనివ్వరని గుర్తుంచుకోండి.

ఒక జంఖానా, పులిహోర, దద్దోజనం, నీళ్లు, తలా ఒక స్వెట్టర్. స్వెట్టర్ మరీ మరీ చెబుతున్నాను, పగలంతా ఎండ మాడ్చేసినా చీకటి పడేసరికి లేక్ మిషిగన్ గాలి చలి పుట్టిస్తుంది, మొదటి ఏడాది మా అమ్మ జంఖానానే కప్పుకుని కూర్చుంది. జంతికలు, చిప్స్ కచేరీ మొదలయ్యేలోపే తినేయండి. ఒంటరిగా ఒక ఫ్లూట్ మెల్లగా పలుకుతున్నప్పుడు ఆ కవర్ చప్పుడు పక్కవాళ్లకు చాలా ఇబ్బంది.

చప్పట్ల సంగతి. మన కచేరీల్లో తని ఆవర్తనం (మృదంగం వాళ్లు విడిగా వాయించే భాగం) బాగుంటే అక్కడికక్కడే కొట్టేస్తాం. ఇక్కడ సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద కృతి) సాధారణంగా నాలుగు భాగాలుగా ఉంటుంది, మధ్యలో నిశ్శబ్దం వచ్చినా అది అయిపోయినట్టు కాదు. ముందు నిలబడి ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ మనవైపు తిరిగేదాకా ఆగితే చాలు, టెన్షన్ అక్కర్లేదు. ఆ రోజు వాయించే కృతిని ముందే ఇంట్లో రెండుసార్లు వినండి, తెలిసిన కీర్తన కచేరీలో వింటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

సాయంత్రాలు కుదరకపోతే పగటిపూట అదే పెవిలియన్‌లో జరిగే రిహార్సల్స్‌కి వెళ్లండి. అవీ ఫ్రీయే, రద్దీ ఉండదు. కండక్టర్ ఆపి, రెండు మాటలు చెప్పి, అదే ముక్కను మళ్లీ వాయించినప్పుడు ఏం మారిందో చెవికి పట్టుకోవచ్చు. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలుంటే నా ఓటు కచేరీ కన్నా ముందు దీనికే.