ఆర్‌ఎక్స్ 100 ఇంజన్‌ని ఎండ్యూరోకి మార్చే ముందు

మీ యమహా బైకుని ఎండ్యూరోకి, అంటే బురద, రాళ్ల దారుల్లో సాగే దూరపు రేసుకి, సిద్ధం చేస్తున్నారా? గ్రైండర్ చేతిలోకి తీసుకునే ముందు కాసేపు ఆగండి. ఈ ఇంజన్ బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 50, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 50 మి.మీ., మొత్తం 98 సీసీ. ఇంత చిన్నదాంట్లో అర మిల్లీమీటరు అరగదీసినా పవర్ వచ్చే చోటు మారిపోతుంది, తీసేసిన లోహాన్ని మళ్లీ అంటించలేం.

ముందు క్రాంక్‌కి డిగ్రీ చక్రం (కోణాల గుర్తులున్న పళ్లెం) బిగించి, సిలిండర్ గోడలో వాయువులు వచ్చిపోయే రంధ్రాల్లో, అంటే పోర్టుల్లో, ఏది ఎక్కడ తెరుచుకుంటోందో రాసుకోండి. ఎగ్జాస్ట్ పోర్టును ఎడాపెడా పైకి లేపొద్దు, పవరంతా పై ఆర్‌పీఎంలోకి పోతుంది, మనకి బురదలో, రాళ్ల గట్టు ఎక్కేటప్పుడు కావాల్సింది కింది లాగుడు. పోర్టు వెడల్పు మరీ పెంచితే పిస్టన్ రింగు అందులోకి ఉబ్బి విరుగుతుంది. పోర్టు అంచులు సన్న ఎమరీతో గుండ్రంగా చేయండి. నా మొదటి సిలిండర్ అక్కడే పోయింది, గోరుకు తగిలేంత అంచు వదిలేశాను, విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువు గీతలు.

హెడ్ కోయించాక స్క్విష్, అంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికీ హెడ్‌కీ అంచు దగ్గర మిగిలే సందు, కొలవాలి: ప్లగ్ రంధ్రంలోంచి సోల్డర్ తీగని పిస్టన్ పిన్ వరుసలో గోడకి ఆనించి, క్రాంక్ ఒక చుట్టు తిప్పి, నలిగిన చివరని కాలిపర్‌తో చూడండి. 1 మి.మీ. దగ్గరుంటే నాకు ధైర్యం.

క్రాంక్ సీల్స్ కొత్తవే వేయండి, గాలి లీకైతే పెట్రోలు-గాలి మిశ్రమం పలచబడి పిస్టన్ పట్టేస్తుంది. ఆయిల్ పంపు తీసేస్తే లీటరు పెట్రోలుకి 30 మి.లీ. టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్ కలపాల్సిందే. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ పెద్దదానితో మొదలుపెట్టి, ప్లగ్ రంగు చూస్తూ తగ్గించండి.

కళ్లద్దాలు, మాస్కు లేకుండా మాత్రం గ్రైండింగ్ వద్దే వద్దు.