వైఫై ఉన్నచోట మల్టీకాస్ట్‌కి స్పీడ్ తగ్గించండి

ఒకే ఫైల్‌ని ముప్పై మెషీన్లకు మల్టీకాస్ట్‌లో (ఒక్కసారి పంపితే గ్రూప్‌లో ఉన్నవాటన్నిటికీ చేరే పద్ధతి) పంపుతుంటే, కేబుల్ మీదున్నవన్నీ చకచకా అందుకుంటాయి, వైఫై మీదున్న నాలుగు మాత్రం మొరాయిస్తాయి. తప్పు వాటిది కాదు. మామూలు వైఫై ప్యాకెట్ అందకపోతే యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) మళ్లీ పంపుతుంది. మల్టీకాస్ట్‌కి ఆ సదుపాయం లేదు: అందిందన్న జవాబు రాదు, పోయింది పోయినట్టే. పైగా చాలా యాక్సెస్ పాయింట్లు దాన్ని 1 లేదా 6 ఎంబీపీఎస్ లాంటి అట్టడుగు రేటులోనే వదులుతాయి. మీరు 100 ఎంబీపీఎస్‌తో కుమ్మరిస్తే దాని బఫర్ (ప్యాకెట్లు క్యూలో ఆగే చోటు) పొంగిపోతుంది.

అందుకే నేను రెండు విడతలుగా పంపుతాను. ముందు కేబుల్ వాళ్లకు ఫుల్ స్పీడ్‌లో, వేరే మల్టీకాస్ట్ గ్రూప్ అడ్రస్‌తో. స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (ఆ గ్రూప్‌లో చేరినవాళ్లున్న పోర్టులకే పంపే సెట్టింగ్) ఆన్ చేస్తే ఆ వరద వైఫై వైపు పోదు. తర్వాత వైఫై వాళ్లకు. యూఎఫ్‌టీపీలో (మల్టీకాస్ట్‌లో ఫైళ్లు పంపే ప్రోగ్రామ్) అయితే ‘-R’ (పెద్ద ఆర్) ఆప్షన్‌తో రేటు సెకనుకు కిలోబిట్లలో ఇవ్వొచ్చు. యాక్సెస్ పాయింట్ 6 ఎంబీపీఎస్‌లో వదిలేదైతే 2000తో, 1 ఎంబీపీఎస్‌లో అయితే 500తో మొదలుపెట్టి చూడండి. మిగిలింది ఇద్దరు ముగ్గురే అయితే అంత టెన్షన్ ఎందుకు, ఒక్కొక్కరికీ విడిగా ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే కమాండ్) కొట్టేయండి.